చదువు – సలహా: బిజినెస్సా, లాయరు చదువా తేలని అమ్మాయికి ఏ కాలేజీ?

ప్రశ్న: నమస్కారమండి. మేము చాలా ఏళ్లుగా నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాం. మా అమ్మాయి ఈ వేసవికి హైస్కూలు చదువు పూర్తి చేస్తుంది. ఇక్కడే పుట్టింది కాబట్టి పౌరసత్వం విషయంలో చిక్కు లేదు. స్కూల్లో డిబేట్ బాగా చేసింది, లెక్కల్లోనూ మంచి గ్రేడ్లే వచ్చాయి. వ్యాపార రంగంలోకి వెళ్లాలా, లాయరు కావాలా అన్నది తనకే ఇంకా తేలలేదు. వందలమంది కూర్చునే క్లాసులు తనకు సరిపడవని, చిన్న కాలేజీకే వెళతానని మాత్రం గట్టిగా చెబుతోంది. వర్జీనియాలో రెండు చోట్ల సీటు వచ్చింది: లెక్సింగ్టన్ ఊళ్లోని వాషింగ్టన్ అండ్ లీ, రిచ్‌మండ్ నగరంలోని యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్. వాళ్లిచ్చే సహాయం పోను మొదటిదానికి ఏడాదికి 46 వేల డాలర్లు, రెండోదానికి 33 వేలు మేము కట్టుకోవాలి. మావారు ర్యాంకు చూసి మొదటిదే మంచిదంటున్నారు. ఆ ఊరు మరీ చిన్నదని, మనవాళ్లెవరూ ఉండరని నాకు బెంగగా ఉంది. గుంటూరులో ఉన్న మా మామగారేమో ‘లా చదవాలనుకుంటే నేరుగా లా కాలేజీలో చేర్చక, మధ్యలో ఈ నాలుగేళ్లు ఎందుకమ్మా?’ అని అడుగుతున్నారు. మా అబ్బాయి పదో తరగతిలో ఉన్నాడు, రెండేళ్లు తిరిగేసరికి వాడి ఖర్చూ మొదలవుతుంది. మే 1వ తేదీలోగా ఏదో ఒకటి తేల్చాలి. బిజినెస్ మేజర్ (ముఖ్య సబ్జెక్టు)గా తీసుకుంటే రేపు లా సీటుకు నష్టమా? రెండింటిలో ఏ కాలేజీ మంచిదో చెప్పగలరా?
– ఒక తల్లి, కేరీ

జవాబు: మీ మామగారి సందేహంతో మొదలుపెడతాను. అది తీరితే మీ ప్రశ్నల్లో సగం తీరినట్టే. మన రాష్ట్రాల్లో ఇంటర్ కాగానే క్లాట్ రాసి హైదరాబాద్‌లోని నల్సార్ వంటి చోట గానీ, లాసెట్ రాసి ఇతర కాలేజీల్లో గానీ అయిదేళ్ల లా కోర్సులో చేరే వీలుంది. అమెరికాలో ఆ దారి లేదు. ముందు ఏదో ఒక సబ్జెక్టులో నాలుగేళ్ల డిగ్రీ చదవాలి, ఆ తర్వాతే మూడేళ్ల జేడీ అనే లా డిగ్రీ. కాలేజీలు ప్రీ-లా అని చెప్పేది చాలాచోట్ల డిగ్రీ కాదు. దారి చూపే ఒక సలహాదారు, తీసుకుంటే మంచిదని చెప్పే కొన్ని కోర్సులు, దరఖాస్తు సమయంలో కొంత సాయం, అంతే. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ కూడా ఫలానా మేజరే చదివి రావాలని చెప్పదు. తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టి, యేల్ లా స్కూల్లో చదివి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా పనిచేసిన ఉషా వాన్స్ డిగ్రీలో చదివింది చరిత్ర. అందుచేత బిజినెస్ మేజర్ వల్ల మీ అమ్మాయికి నష్టం రాదు. అకౌంటింగ్ తెలిసిన లాయరుకు కంపెనీ కేసుల్లో, పన్నుల వ్యవహారాల్లో, విడాకుల ఆస్తి పంపకాల్లో కూడా అది అక్కరకొస్తుంది.

లా స్కూలు నిజంగా చూసేవి ముఖ్యంగా నాలుగు: నాలుగేళ్ల గ్రేడ్ల సగటు, ఎల్‌శాట్ అనే లా ప్రవేశ పరీక్షలో వచ్చిన స్కోరు, పాఠం చెప్పిన ప్రొఫెసర్లు రాసే సిఫారసు లేఖలు, అభ్యర్థి తన గురించి తాను రాసుకునే వ్యాసం. ఈ నాలుగూ ఏ కాలేజీలో బాగా కుదురుతాయి, అవి కుదిరేసరికి మీ చేతిలో ఎంత డబ్బు మిగులుతుంది అన్నదే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న. ర్యాంకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఈ రెండు కాలేజీలూ లిబరల్ ఆర్ట్స్ (రకరకాల సబ్జెక్టులు కలిపి చెప్పే) కాలేజీల జాబితాలో పైవరుసలోనే ఉంటాయి. వాటి మధ్య ఉన్న కొద్ది స్థానాల తేడా చూసి ఏ లా స్కూలూ ఒకరిని తీసుకుని ఇంకొకరిని వదిలేయదు. ఈ మాట మీవారికి గట్టిగానే చెప్పండి.

గ్రేడ్ల సగటు విషయంలో చాలా తెలుగు కుటుంబాలకు తెలియని సంగతి ఒకటి ఉంది. లా స్కూళ్లకు దరఖాస్తులన్నీ ఎల్‌శాక్ అనే సంస్థ ద్వారా వెళతాయి. అది కాలేజీ ఇచ్చిన జీపీఏను అలాగే పంపదు, ట్రాన్స్‌క్రిప్టులన్నీ తెప్పించుకుని తన పద్ధతిలో మళ్లీ లెక్క కడుతుంది. ఆ లెక్కలో ఏ ప్లస్‌కు 4.33 ఇస్తారు. మొదటి డిగ్రీ చేతికి రాకముందు ఎక్కడ కాలేజీ క్రెడిట్ తీసుకున్నా ఆ గ్రేడు అందులో కలుస్తుంది. మీ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలు కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్ పథకం కింద కమ్యూనిటీ కాలేజీ కోర్సులు తీసుకుంటారు కదా, మీ అమ్మాయి అలాంటివి తీసుకుని ఉంటే ఆ గ్రేడ్లు కూడా అయిదేళ్ల తర్వాత లా స్కూలు బల్లమీదికి వస్తాయి. పదకొండో తరగతిలో సరదాగా తీసుకున్న కోర్సులో వచ్చిన సి గ్రేడు అప్పుడు బాధపెడుతుంది. ముందు ఆ ట్రాన్స్‌క్రిప్టు ఒకసారి తీసి చూడండి. అలాంటి గ్రేడు ఏదైనా ఉంటే, నాలుగేళ్లూ ఇంకాస్త జాగ్రత్తగా చదవాలని తనకు మొదటి రోజే తెలుస్తుంది.

ఎల్‌శాట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 120 నుంచి 180 దాకా స్కోరు ఇస్తారు. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ భాగం తీసేశారు కాబట్టి ఇప్పుడంతా వాదనల్లో లొసుగులు పట్టుకోవడం, కఠినమైన గద్యాన్ని నిదానంగా చదివి అర్థం చేసుకోవడం మీదే నడుస్తుంది. ఏ కాలేజీలో చదివినా ఆ సాధన విడిగా చేసుకోవలసిందే. డిబేట్ చేసిన పిల్లకు అందులో సగం పని అయినట్టే.

సిఫారసు లేఖల దగ్గరే చిన్న కాలేజీ విలువ తెలుస్తుంది. మూడు వందలమంది ఉన్న హాల్లో A గ్రేడు తెచ్చుకున్న పిల్లకైనా ‘ఈమె నా కోర్సులో A గ్రేడు తెచ్చుకుంది’ అన్న వాక్యాన్ని మించి ప్రొఫెసర్ రాయగలిగేది తక్కువ. పదిహేనుమంది బల్ల చుట్టూ కూర్చునే క్లాసులో ఆమె ఏ విషయం మీద ఎలా వాదించింది, రాసిన వ్యాసాన్ని తిప్పికొడితే ఎలా సరిదిద్దుకుని తెచ్చింది, ఒప్పుకోలేని మాటను ఎంత మర్యాదగా కాదంది అన్నవన్నీ ఆయనకు గుర్తుంటాయి. వాషింగ్టన్ అండ్ లీలో డిగ్రీ విద్యార్థులు రెండు వేలకు లోపు, రిచ్‌మండ్‌లో మూడు వేల పైచిలుకు. రెండూ ఈ విషయంలో మీ అమ్మాయి కోరికకు తగినవే. చిన్న కాలేజీయే కావాలని పట్టుబట్టడంలో తను సరిగ్గానే ఆలోచించింది, ఆ పట్టుదలను మెచ్చుకోండి.

ఇక చదువు సంగతి. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో బిజినెస్ డిగ్రీ దొరకడమే అరుదు. చాలా చోట్ల ఎకనామిక్స్‌తో సరిపెట్టుకోవాలి. ఈ రెండు చోట్లా బిజినెస్ స్కూలు ఉంది, రెండింటికీ బిజినెస్ స్కూళ్లకు ఇచ్చే ఏఏసీఎస్‌బీ గుర్తింపు ఉంది. వాషింగ్టన్ అండ్ లీలోని విలియమ్స్ స్కూల్ కామర్స్‌ను, ఎకనామిక్స్‌ను, రాజనీతిని ఒకే గొడుగు కింద చెబుతుంది. అక్కడి విలియమ్స్ ఇన్వెస్ట్‌మెంట్ సొసైటీలో విద్యార్థులే యూనివర్సిటీ నిధిలో కొంత భాగాన్ని షేర్లలో పెట్టి నడుపుతారు. న్యూయార్క్ బ్యాంకుల్లో పాత విద్యార్థులు చాలామంది ఉన్నారు, చిన్నవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తుతారన్న పేరుంది. అధ్యక్ష ఎన్నికలు జరిగే ప్రతి నాలుగేళ్లకొకసారి విద్యార్థులే నడిపే మాక్ కన్వెన్షన్ 1908 నుంచి సాగుతోంది. అధికారంలో లేని పార్టీ ఎవరిని అభ్యర్థిగా నిలబెడుతుందో రాష్ట్రాలవారీగా పరిశోధించి ముందే చెప్పడం దాని పని. 2028లో మీ అమ్మాయి రెండో ఏట ఉంటుంది. డిబేట్ ఇష్టపడే పిల్లకు అది గొప్ప అవకాశం.

రిచ్‌మండ్‌లో రాబిన్స్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌తో పాటు మీ అమ్మాయి కోసమే కుదిర్చినట్టుండే మేజర్ ఒకటి ఉంది: ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్, లా నాలుగింటినీ కలిపి చెప్పేది. 1992లో మొదలైన జెప్సన్ స్కూల్ ఆఫ్ లీడర్‌షిప్ స్టడీస్ కూడా అక్కడే ఉంది. బిజినెస్ అనుకుని చేరిన అమ్మాయి రెండో ఏట మనసు మార్చుకున్నా, లా అనుకుని చేరిన అమ్మాయికి ఫైనాన్స్ నచ్చినా, కాలేజీ మారే పని లేకుండా పక్క భవనంలోకి వెళ్లవచ్చు. ఇంకా తేల్చుకోని పిల్లకు ఇది చిన్న లాభం కాదు. అయితే బిజినెస్ మేజర్‌లోకి వెళ్లడానికి మొదట ఏయే కోర్సులు ఏ గ్రేడుతో పూర్తి చేయాలో రెండు కాలేజీల్లోనూ ముందే అడిగి రాసుకోవాలి.

రెండు క్యాంపస్‌లలోనూ లా స్కూలు ఉందని మీవారు గమనించే ఉంటారు. దాన్ని చూసి మొగ్గవద్దు. అదే యూనివర్సిటీలో డిగ్రీ చదివినంత మాత్రాన దాని లా స్కూల్లో సీటు ఖాయం కాదు. బయటివాళ్లు వచ్చి ఇచ్చే ఉపన్యాసాలు వినడానికి, లా విద్యార్థులతో మాట్లాడి ఈ చదువు తనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

అసలు తేడా ఊరి దగ్గర వస్తుంది. లెక్సింగ్టన్ బ్లూ రిడ్జ్ కొండల పక్కన ఏడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. వాషింగ్టన్ అండ్ లీ, దాని పక్కనే వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్, వీటి చుట్టూనే ఊరి బతుకు. నాలుగేళ్లు చదువు మీద మనసు నిలపడానికి అంతకంటే మంచి చోటు దొరకదనే వాళ్లున్నారు, అందులో నిజం ఉంది. కానీ అక్టోబరులో ఒక మధ్యాహ్నం క్లాసు లేకపోతే నడిచి వెళ్లి అప్పీలు కోర్టులో వాదనలు వినే వీలు అక్కడ లేదు. రిచ్‌మండ్ రాష్ట్ర రాజధాని. శాసనసభ, రాష్ట్ర సుప్రీంకోర్టు, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో అయిదో జిల్లాకు చెందిన ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు, మీ నార్త్ కరోలినాతో సహా అయిదు రాష్ట్రాల కేసులు వినే నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు అన్నీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. క్యాంపస్ నగరానికి పడమటి కొసన ఉంది కాబట్టి కొద్ది మైళ్ల ప్రయాణం చాలు. ఆ అప్పీలు కోర్టు భవనానికి పెట్టిన పేరు లూయిస్ పావెల్‌ది. 1972 నుంచి 1987 దాకా అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న ఆయన డిగ్రీ, లా రెండూ వాషింగ్టన్ అండ్ లీలోనే చదివి, రిచ్‌మండ్‌లో ప్రాక్టీసు చేశారు. చిన్న ఊళ్లో చదివితే పెద్ద కోర్టుకు చేరలేరన్న భయం అక్కర్లేదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. కానీ పావెల్ గారికి తను లాయరు కావాలని ముందే తెలుసు. మీ అమ్మాయికి ఇంకా తెలియదు. తెలియని పిల్ల చదువుకుంటూనే కోర్టును, బ్యాంకును, శాసనసభను దగ్గరగా చూడగలగాలి.

వ్యాపారం వైపు కూడా కార్‌మ్యాక్స్, మార్కెల్, డొమినియన్ ఎనర్జీ ప్రధాన కార్యాలయాలు ఆ నగర ప్రాంతంలోనే ఉన్నాయి. క్యాపిటల్ వన్‌కు పెద్ద క్యాంపస్ ఉంది. ఆ ఉద్యోగాల వల్లే గ్లెన్ ఆలెన్, షార్ట్ పంప్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. గ్లెన్ ఆలెన్‌లో హిందూ సెంటర్ ఆఫ్ వర్జీనియా గుడి ఉంది. ఉగాదికి, దసరాకు మీ అమ్మాయికి ఒక పూట మన భోజనం దొరుకుతుందా అన్న మీ బెంగకు ఇక్కడ జవాబు ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, మొదట యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్‌లో, తర్వాత ఆ ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో సాహిత్యం బోధించిన గజాలా హష్మీ 2025 నవంబరు ఎన్నికల్లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. మన ప్రాంతం నుంచి వెళ్లిన స్త్రీకి ఆ ఊరి ప్రజాజీవితంలో చోటు దొరికిందన్నది నాకు సంతోషం కలిగించే విషయం, మీ అమ్మాయికి కూడా చెప్పదగిన విషయం.

లెక్సింగ్టన్ కాలేజీ గురించి ఇంకో రెండు మాటలు దాచకుండా చెప్పాలి. అక్కడ విద్యార్థుల్లో ఎక్కువమంది ఫ్రటర్నిటీలు (అబ్బాయిల సంఘాలు), సొరోరిటీల్లో (అమ్మాయిల సంఘాల్లో) చేరతారు. స్నేహాలు, శనివారం సాయంత్రాలు చాలావరకు వాటి చుట్టూ తిరుగుతాయి. రిచ్‌మండ్‌లోనూ అవి ఉన్నాయి కానీ అంత జోరు లేదు. రెండోది, కాలేజీ పేరులోని ‘లీ’ అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలపాలన్న పక్షానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్ ఈ. లీ. యుద్ధం ముగిశాక 1865 నుంచి చనిపోయేదాకా ఆయనే ఆ కాలేజీ అధ్యక్షుడు. ఆ పేరు తీసేయాలని వాదన వచ్చినప్పుడు ట్రస్టీలు 2021లో ఉంచాలనే నిర్ణయించారు. ఈ రెండు విషయాలూ కొందరు పిల్లలకు అడ్డం కావు, కొందరికి రోజూ గుచ్చుకుంటాయి. మీ అమ్మాయి ఏ కోవలోకి వస్తుందో తననే అడగండి, మీరు ఊహించుకోవద్దు. అదే కాలేజీలో నాకు ఎంతో గౌరవం ఉన్న పద్ధతి కూడా ఒకటుంది. అక్కడి ఆనర్ సిస్టమ్‌ను పూర్తిగా విద్యార్థులే నడుపుతారు. పరీక్ష గదిలో కాపలా ఉండదు. నమ్మకాన్ని వమ్ము చేసినట్టు తేలితే ఒక్కటే శిక్ష, కాలేజీ విడిచి వెళ్లడం. లాయరు వృత్తికి కావలసిన నడవడిని పద్దెనిమిదేళ్ల వయసులోనే అలవాటు చేసే ఏర్పాటు అది.

డబ్బు లెక్కకు వద్దాం, ఎందుకంటే ఈ ఏడాది ఆ లెక్క మారింది. తేడా ఏడాదికి 13 వేలు, నాలుగేళ్లకు 52 వేల డాలర్లు. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు, డిగ్రీ తర్వాతి చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. లా వంటి వృత్తి చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లు దాటదు. పేరున్న ప్రైవేటు లా స్కూళ్లలో ఫీజు, ఉండే ఖర్చు కలిపి ఏడాదికి లక్ష డాలర్లు దాటిపోయింది. ఆ మిగిలిన సగం స్కాలర్‌షిప్పు వల్ల రావాలి, లేదా ఇంట్లో దాచిన డబ్బు కావాలి, లేదా ఎక్కువ వడ్డీకి ప్రైవేటు అప్పు చేయాలి. అంటే ఇప్పుడు మీరు మిగిల్చే 52 వేలు రేపు లా స్కూల్లో ఒక ఏడాది ఫెడరల్ అప్పు కంటే ఎక్కువ. తల్లిదండ్రుల పేరున తీసుకునే పేరెంట్ ప్లస్ రుణానికి కూడా అదే చట్టం ఒక్కో బిడ్డకు ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేల పరిమితి పెట్టింది. 46 వేలలో కొంత ఆ అప్పుతో నెట్టుకొద్దామని మీ ఆలోచన అయితే ఆ లెక్క మళ్లీ వేసుకోండి. లా స్కూళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్పులు చాలావరకు గ్రేడ్ల సగటు, ఎల్‌శాట్ స్కోరు చూసే ఇస్తాయి కాబట్టి డిగ్రీలో నింపాదిగా, అప్పు బెంగ లేకుండా చదవగలగడం కూడా డబ్బుతో సమానమే.

రెండు కాలేజీలు పంపిన సహాయ పత్రాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. గ్రాంటు అన్న వరుస, మెరిట్ స్కాలర్‌షిప్పు అన్న వరుస తిరిగి కట్టనక్కర్లేనివి. లోన్ అన్నది అప్పు. వర్క్-స్టడీ అన్నది పిల్ల పని చేసి సంపాదించుకుంటేనే వచ్చేది, కాబట్టి దాన్ని తీసివేసి చూస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. మెరిట్ స్కాలర్‌షిప్పు నిలవాలంటే ఏ గ్రేడు ఉండాలో రాసి ఉంటుంది, అది మొదట చదవండి. మీ అబ్బాయి 2028లో కాలేజీలో చేరితే మీరు కట్టవలసింది తగ్గుతుందా అని రెండు చోట్లా అడగండి. ఫాఫ్సా అనే ఫెడరల్ సహాయ దరఖాస్తు లెక్కలో ఒకేసారి ఇద్దరు పిల్లలు చదువుతుంటే ఇచ్చే తగ్గింపు 2024–25 నుంచి తీసేశారు కానీ, సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో సహాయ దరఖాస్తు తీసుకునే కాలేజీలు తమ సొంత నిధుల విషయంలో తమ పద్ధతి పాటించవచ్చు. ఇవి రెండూ ఆ ప్రొఫైల్ తీసుకునేవే. జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

ఇంత చెప్పాక నా అభిప్రాయం: రిచ్‌మండ్‌లో చేర్చండి. వాషింగ్టన్ అండ్ లీ తక్కువదని కాదు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగే కావాలని ఇప్పటికే తేల్చుకున్న అమ్మాయి అయితే, పైగా ఖర్చు రెండు చోట్లా ఒకటే అయితే నేను లెక్సింగ్టన్ వైపే మొగ్గేవాణ్ణి. మీ పరిస్థితి అది కాదు. తేల్చుకోని పిల్ల, వెనకాలే వస్తున్న తమ్ముడు, ముందున్న మూడేళ్ల ఖరీదైన చదువు, ఇవన్నీ కలిపి చూస్తే దారులు ఎక్కువ ఉన్న ఊరు, ఖర్చు తక్కువ ఉన్న కాలేజీ మంచివి. ఒక్క పని మాత్రం చేయండి. వాషింగ్టన్ అండ్ లీ సహాయ విభాగానికి రిచ్‌మండ్ పత్రం జతచేసి, మీ ఆదాయంలో వచ్చిన మార్పులు, ఇంట్లో పెద్దల వైద్య ఖర్చులు ఏవైనా ఉంటే వాటి వివరాలు పెట్టి, పునఃపరిశీలన చేయమని మర్యాదగా రాయండి. అలా అడగడం ఇక్కడ మామూలే, సిగ్గుపడనక్కర్లేదు, ఇచ్చిన సీటుకు దానివల్ల ముప్పు రాదు. తేడా రెండు మూడు వేలకు దిగితే అప్పుడు నిర్ణయం పూర్తిగా అమ్మాయికి వదిలేయండి.

ఏ కాలేజీలో చేరినా మొదటి ఏడాది అకౌంటింగ్ గానీ ఎకనామిక్స్ గానీ ఒకటి, స్టాటిస్టిక్స్ ఒకటి, ఎక్కువగా రాయించే కోర్సు ఒకటి, ఫిలాసఫీ విభాగం చెప్పే లాజిక్ ఒకటి తీసుకోమనండి. పెద్ద బ్యాంకులు మూడో ఏటి వేసవి ఇంటర్న్‌షిప్పులకు రెండో ఏటే దరఖాస్తులు తీసుకుంటాయి కాబట్టి మొదటి ఏడాది అకౌంటింగ్ ముట్టుకోకపోతే ఆ దారి తెలియకుండానే మూసుకుపోతుంది. మన ఇళ్లలో రెండు మేజర్లు, పైన ఒక మైనర్ అని ఎత్తించే అలవాటు ఉంది. లా స్కూలు దాన్ని అదనంగా లెక్కపెట్టదు, తగ్గిన గ్రేడ్లను మాత్రం లెక్కపెడుతుంది. డిగ్రీ కాగానే లా స్కూల్లో చేరిపోవాలన్న తొందర కూడా వద్దు. పేరున్న లా స్కూళ్లలో చేరేవాళ్లలో చాలామంది ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లే, ఎల్‌శాట్ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. బిజినెస్ డిగ్రీతో బ్యాంకులోనో ఆడిట్ కంపెనీలోనో రెండేళ్లు పనిచేసి, కొంత డబ్బు దాచుకుని, అప్పటికీ లా మీద మనసుంటే వెళ్లే అమ్మాయి రెండు దారుల్లో దేన్నీ వదులుకోలేదు. తనకు ఇంకా తేలలేదని మీరు రాసినదాన్ని లోపంగా చూడకండి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయికి ఎకనామిక్స్ చదివి తర్వాత లా చేయాలని ఉంది. రెండు చిన్న కాలేజీల్లో సీటు వచ్చింది, ఖర్చు రెండింటికీ దగ్గరదగ్గరగానే ఉంది. వాడు హైదరాబాద్‌లో పుట్టాడు, ఇప్పుడు హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడ్డ వీసా) మీద ఉన్నాడు, మా గ్రీన్‌కార్డు వాడికి 21 నిండేలోపు వచ్చేలా లేదు. ఏది చూసి ఎంచుకోవాలి?
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: మీ అబ్బాయి విషయంలో ర్యాంకుకు, ఊరికి ముందు చూడవలసింది వీసా. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ గ్రాంట్లు, అప్పులు ఉండవు. కాలేజీ సొంత సహాయానికి వాణ్ణి విదేశీ విద్యార్థిగా లెక్కపెట్టారో, ఇక్కడి హైస్కూలు విద్యార్థిగా లెక్కపెట్టారో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. 21 నిండి హెచ్-4 పోయి, విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారినప్పుడు ఆ సహాయం అలాగే కొనసాగుతుందా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. హెచ్-4 మీద జీతం వచ్చే ఇంటర్న్‌షిప్పు చేయడానికి వీలు లేదు కాబట్టి 21 దాకా ఆగకుండా, మూడో ఏటి వేసవికి ముందే ఎఫ్-1కు మారడం మంచిదేమో ఇమ్మిగ్రేషన్ లాయరుతో, కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడి తేల్చుకోండి.

రెండో ప్రశ్న ఎకనామిక్స్ డిగ్రీకి ఆ కాలేజీ వేసుకున్న కోడ్ గురించి. డిగ్రీ పూర్తయ్యాక ఎఫ్-1 విద్యార్థికి ఓపీటీ అనే పన్నెండు నెలల పని అనుమతి ఉంటుంది. డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు దొరుకుతుంది. పైకి రెండు చోట్లా ఎకనామిక్స్ అనే ఉన్నా, కొన్ని కాలేజీలు దాన్ని మామూలు ఎకనామిక్స్‌గా నమోదు చేసుకుంటే, కొన్ని ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కింద 45.0603 కోడ్‌తో నమోదు చేసుకున్నాయి. స్టెమ్ కిందికి వచ్చేది ఈ రెండోది. లా స్కూలుకు ముందు రెండు మూడేళ్లు పనిచేసి డబ్బు కూడబెట్టుకోవలసిన అబ్బాయికి ఈ ఒక్క తేడా మిగతా తేడాలన్నిటికంటే ఎక్కువ. జేడీకి ఫెడరల్ అప్పు దొరకదు, ప్రైవేటు అప్పుకు చాలావరకు పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవారో హామీ సంతకం చేయాలి.

పౌరసత్వం లేనివాడు లాయరు కాగలడా అని మీకు అనుమానం ఉండవచ్చు. గ్రిఫిత్స్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను పౌరులు కాదన్న ఒక్క కారణంతో బార్‌లో (లాయర్ల నమోదులో) చేర్చుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కాబట్టి చాలా రాష్ట్రాల్లో అసలు అడ్డు బార్ దగ్గర కాదు, జేడీ తర్వాత పన్నెండు నెలల ఓపీటీలోగా హెచ్-1బీ ఉద్యోగ వీసా దొరకడం దగ్గర. డిపాజిట్ కట్టకముందే రెండు కాలేజీల రిజిస్ట్రార్లకూ రాసి, ఆ డిగ్రీ కోడ్ ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఒకటి స్టెమ్ అయి ఇంకొకటి కాకపోతే, మొదటిదాన్నే ఎంచుకోండి.